తనే ఎద్దు, తనే గింజ

కంపాస్‌తో కాగితం మీద 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయండి. ముల్లు గుచ్చిన చోటికి అర మిల్లీమీటరు కంటే కాస్త తక్కువ దూరంలో ఇంకో చుక్క పెట్టండి. ఆ రెండో చుక్క దగ్గర గురుగ్రహం ఉందనుకుంటే, గీసిన వృత్తం దాని చంద్రుడు అయో తిరిగే దారి. పెన్సిలు మొన కొంచెం మొద్దుబారిందంటే చాలు, ఆ తేడా గీత మందంలో కలిసిపోతుంది. కక్ష్య వృత్తం నుంచి ఎంత తప్పిందో చెప్పే ఈ కొలతను ఉత్కేంద్రత అంటారు. అయోది 0.0041. మన చంద్రుడిది దీనికి 13 రెట్లు.

అయినా మన చంద్రుడు ఎప్పుడో చల్లారిన బూడిద ముద్ద. అయో మీద 400కు పైగా అగ్నిపర్వతాలు గుర్తించారు. వాటిలో కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తుకు గంధకపు పొగ చిమ్ముతాయి. ఉల్క పడి చేసిన గుంట నేల మీద ఒక్కటీ కనబడదు, పడ్డవన్నీ లావా కింద పూడిపోయాయి. ఇదంతా ఆ గీత మందం తేడాలోంచి పుట్టిందేనని 1979 నుంచీ తెలుసు. ఆ వేడి లోపల ఏ పొరలో రగులుతోంది, ఎన్నాళ్లుగా రగులుతోంది, దాని ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోంది అన్నవి మాత్రం ఇంకా తగాదాలే. 2024 డిసెంబరులో జునో నౌక కొలతలతో వచ్చిన ఒక ఫలితం పదేళ్లకు పైగా పాఠాల్లో చోటు చేసుకున్న ఒక బొమ్మను చెరిపేసింది. అందుకే ఈ ప్రశ్నను మొదటి నుంచీ ఒకసారి నెమరువేసుకోవాలనిపించింది.

ముందు పేరు సంగతి. తెలుగు నోట ‘అయో’ అంటే ఎవరి మీదో జాలిపడ్డట్టే ఉంటుంది. గ్రీకు పురాణంలో ఆ పేరు గల అమ్మాయి కథ తెలిస్తే ఆ జాలి తప్పు కాదనిపిస్తుంది. దేవతల రాజు జ్యూస్ కంటబడి, ఆవుగా మారి, వెనక జోరీగ తరుముతుంటే దేశాలు పట్టి తిరిగింది పాపం. కెప్లర్ ఇచ్చిన సలహాతో సైమన్ మారియస్ 1614లో ఈ పేరు అచ్చువేసినా, 20వ శతాబ్దం దాకా దాన్ని అందరూ ‘గురుడి మొదటి చంద్రుడు’ అనే పిలిచారు. నాకైతే ఆ ఆవు కంటే మన గానుగెద్దే దీనికి బాగా నప్పుతుందనిపిస్తుంది. ఎద్దు రోటి చుట్టూ తిరుగుతుంటే రోకలి కింద గింజ నలుగుతుంది. ఇక్కడ తిరిగేదీ నలిగేదీ ఒకటే.

కొలతలు చూస్తే అయో మన చంద్రుడికి కవలలాంటిది. వ్యాసం 3,643 కి.మీ., చంద్రుడిది 3,475. గురుడి మిగతా మూడు పెద్ద చంద్రుళ్లకూ మంచు పొరలున్నాయి, ఇది మాత్రం రాయీ ఇనుమూ. ఘన సెంటీమీటరుకు 3.53 గ్రాముల సాంద్రత. గురుడి కేంద్రం నుంచి దూరం 4,21,700 కి.మీ., భూమికీ చంద్రుడికీ ఉన్న ఎడం కంటే కొంచెమే ఎక్కువ. అయితే మన చంద్రుడు 27 రోజుల్లో తిరిగే చుట్టును అయో 42 గంటలన్నరలో ముగిస్తుంది. గురుడి ద్రవ్యరాశి భూమికి 318 రెట్లు మరి. అంతటి వాడి పక్కన పడిపోకుండా తిరగాలంటే సెకనుకు 17 కి.మీ. పరుగు తప్పదు. అయో నేల మీద నిలబడగలిగితే, మన పున్నమి చంద్రుడికి దాదాపు 40 రెట్ల వెడల్పుతో గురుడు ఆకాశంలో ఒకే చోట వేలాడుతూ కనిపిస్తాడు. అయో ఎప్పుడూ ఒక ముఖమే అటు తిప్పి ఉంచుతుంది కాబట్టి ఉదయించడం, అస్తమించడం లేవు.

గెలీలియో 1610 జనవరి 7న తన దుర్భిణిలో చూసినప్పుడు అయో, యూరోపా ఒకే చుక్కగా కలిసి కనిపించాయి. మర్నాడు విడివిడిగా తేలాయి. ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా అయో మనుషులకు ఉపయోగపడింది ముఖ్యంగా ఒక గడియారంగానే. గురుడి నీడలోకి అది వెళ్లే క్షణం, బయటికొచ్చే క్షణం భూమ్మీద ఎక్కడి నుంచి చూసినా ఒకటే కాబట్టి, ఆ క్షణంలో ఇక్కడ గంట ఎంత, అక్కడ గంట ఎంత అని పోల్చితే రెండు ఊళ్ల రేఖాంశాల తేడా తేలుతుంది. పారిస్‌లో ఓలే రోమర్ ఈ గ్రహణాల వేళలు సరిచూస్తూ, గురుడు భూమికి దూరమైన కొద్దీ అవి ఆలస్యమవుతున్నాయని పట్టుకున్నాడు. 1676 నవంబరు 9న అయో నీడలోంచి బయటపడింది లెక్కవేసిన వేళకు 10 నిమిషాల తర్వాత. వెలుగు రావడానికీ సమయం పడుతుందని తొలిసారి అలా రుజువైంది.

ఈ గడియారంతో మన వైపు వాళ్లకూ పని పడింది. ఈస్టిండియా కంపెనీ 1792లో కట్టించిన మద్రాసు వేధశాలలో జాన్ గోల్డింగ్‌హామ్ ఏళ్ల తరబడి గురుడి చంద్రుల గ్రహణాలు చూసి మద్రాసు రేఖాంశాన్ని తేల్చాడు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టి, తర్వాత గుత్తి మీదుగా ఉత్తరానికి నడిపిన కొలత పనికి తూర్పు పడమరల లెక్క ఆ వేధశాల నుంచే. మన జిల్లాల పటాలు కాగితం మీద ఉన్న చోట ఉండడంలో ఈ గంధకపు చంద్రుడి చెయ్యి కూడా కొంత ఉంది.

గడియారం అంత నమ్మకంగా నడవడానికి కారణం కక్ష్యలోనే ఉంది. అయో నాలుగు చుట్లు తిరిగేసరికి యూరోపా రెండు, గానిమీడ్ ఒకటి ముగిస్తాయి. 1.769 రోజులు, 3.551 రోజులు, 7.155 రోజులు. మూడూ గురుడికి ఒకే వైపున వరసలో నిలబడే రోజు ఎన్నటికీ రాదు. యూరోపా, గానిమీడ్ కలిసిన క్షణంలో అయో సరిగ్గా ఎదురు దిక్కున ఉంటుంది. ఇది యాదృచ్ఛికం కాదని, ఒకదాన్నొకటి లాగుతూ ఆ వరసను తామే నిలబెట్టుకుంటున్నాయని లాప్లాస్ 18వ శతాబ్దం చివర్లో గణితంతో చూపించాడు. ఈ తాళానికి ఆయన పేరే నిలిచింది. మనకు కావలసిన ముక్క ఇది: అయో, యూరోపా కలిసే చోటు ఎప్పుడూ ఒకటే, అయో గురుడికి అతి దగ్గరగా వచ్చే చోటు. మూడున్నర రోజులకోసారి, అదే చోట, అదే దిక్కులో యూరోపా దాన్ని లాగుతుంది. ఒంటరిగా వదిలేస్తే అయో కక్ష్య ఎప్పుడో గుండ్రంగా తిరిగిపోయేది. యూరోపా తిరగనివ్వదు.

గుండ్రంగా తిరిగితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు, అసలు విషయం అదే. గురుడి ఆకర్షణకు అయో కోడిగుడ్డులా కొంచెం సాగి ఉంది. దూరం మారకపోతే ఆ సాగుడు అలాగే ఉండిపోయేది, వేడి పుట్టేది కాదు. కానీ ఆ 0.0041 పుణ్యమా అని దూరం ప్రతి చుట్టులో సుమారు 3,400 కి.మీ. పెరిగి తగ్గుతుంది, అంటే అయో తన ఒళ్లంత దూరం కూడా జరగదు. దగ్గరైనప్పుడు సాగుడు పెరుగుతుంది, దూరమైనప్పుడు తగ్గుతుంది, దాని మొన అటూ ఇటూ ఊగుతుంది. మేస్త్రీలు ఇనుప ఊచలకు కట్టే బైండింగ్ వైరును చేత్తో పదిసార్లు అటూ ఇటూ వంచితే వంగిన చోట చుర్రుమంటుంది చూడండి, అదే పని. మన సముద్రాల ఆటుపోట్లే ఇక్కడ రాతికి వచ్చాయి.

అయో నేల ప్రతి చుట్టుకూ 100 మీటర్లు లేచి పడుతుందని చాలా పుస్తకాల్లో ఉంటుంది. నేనూ ఒకప్పుడు దాన్ని అలాగే అప్పజెప్పేవాణ్ని. లోపలంతా ద్రవమే అనుకుంటే వచ్చే లెక్క అది. లోపల గట్టిదైన కొద్దీ ఆ అంకె దిగిపోతుంది. ఈ చిన్న మెలికలోనే ఇప్పటి తగాదా అంతా దాగుంది, మళ్లీ వస్తాను.

స్టాంటన్ పీల్, పాట్రిక్ కాసెన్, రే రేనాల్డ్స్ ఈ నలుగుడు లెక్కను ముగించి, అయో లోపల చాలా భాగం కరిగి ఉండాలని, పైన అగ్నిపర్వతాలు కనిపించవచ్చని రాసిన వ్యాసం ‘సైన్స్’ పత్రికలో 1979 మార్చి 2న వచ్చింది. వాయేజర్ 1 నౌక గురుడి దగ్గరకు చేరింది మార్చి 5న. ఆ వారంలోనే, వెనుదిరిగి వెళ్తూ నౌక దారి సరిచూసుకోవడానికి తీసిన ఫోటోలో, లిండా మొరాబిటో అనే ఇంజనీరుకు అయో అంచున గొడుగులాంటి ఒక మసక ఆకారం కనిపించింది. దాదాపు 300 కి.మీ. ఎత్తున లేచిన పొగ అది. జోస్యం చెప్పిన వారానికి ఫలించడం సైన్సులో అరుదు. ఎంత అరుదంటే, ఈ కథ చెప్పేటప్పుడు అంతకు ముందున్న ఆధారాలను అందరూ మరిచిపోతారు. 1964లో కీత్ బిగ్ అనే ఆయన గురుడి నుంచి వచ్చే రేడియో హోరు అయో ఎక్కడుందో దాన్ని బట్టి హెచ్చుతగ్గులవుతోందని పట్టుకున్నాడు. 1973లో అయో చుట్టూ సోడియం మేఘం కనబడింది. ఆ ఏడాది డిసెంబరులో పయనీర్ 10 రేడియో తరంగాలు అయోకు విద్యుదావేశపు పొర ఉందని చెప్పాయి. తీయవలసిన ఫోటో మాత్రం రాలేదు. అక్కడి రేడియేషన్ తాకిడికి నౌకకు తప్పుడు ఆదేశాలు పుట్టుకొచ్చాయి, అయో బొమ్మలు పోయాయి. ఆధారాలు ఎదురుగానే ఉన్నాయి. వాటిని ఒక తాటి మీదికి తెచ్చే కారణమే లేకపోయింది.

పొగ చూశాక, పచ్చ, నారింజ, ఎరుపు రంగుల నేల చూశాక, పారుతున్నది కరిగిన గంధకమే అనుకున్నవాళ్లు చాలామంది. రంగులు చూసి సరుకు చెప్పడంలో ఉన్న ప్రమాదం ఇదే. 1986లో భూమి మీది దుర్భిణులు పరారుణ కాంతిలో అయో మీద ఒక పేలుడును పట్టాయి. దాని వేడి 900 కెల్విన్ దాటింది. ఆ వేడికి గంధకం ద్రవంగా నిలవదు, ఆవిరైపోతుంది. అంటే లావా రాతిదే, గంధకం పైపూత. తర్వాత గెలీలియో నౌక 1997లో పిల్లన్ అగ్నిపర్వతం దగ్గర 1,800 కెల్విన్ దాటిన లావా చూసిందన్నారు. భూమ్మీద ఇప్పుడు ఎక్కడా అంత వేడి లావా లేదు. ఆ అంకెను తర్వాత మళ్లీ లెక్కగట్టి 1,600 ప్రాంతానికి దించారు. ఈ 200 డిగ్రీల సవరణ పత్రికల్లో పెద్దగా రాలేదు కానీ, లోపలి రాయి ఎంత భాగం కరిగి ఉండాలన్న లెక్కకు అదే కీలకం.

ఈ అగ్నిపర్వతాలకు పేర్లు అన్ని జాతుల పురాణాల్లోని అగ్ని, సూర్య, పిడుగు, కమ్మరి దేవతల నుంచి తీసుకున్నారు. మన వేదాల్లో ఇంద్రుడికి వజ్రాయుధం చేసిచ్చిన త్వష్ట ఉత్తర ధ్రువం వైపు ఉన్నాడు. 1999 నవంబరులో గెలీలియో నౌక కెమెరాకు అక్కడ లావా నిలువు తెరలా ఎగజిమ్ముతూ చిక్కింది. 2007లో ప్లూటో దారిలో అటు నుంచి వెళ్తూ న్యూ హొరైజన్స్ చూసినప్పుడు త్వష్ట పొగ 330 కి.మీ. లేచింది. ప్రొమీథియస్ పొగది ఇంకో తమాషా. వాయేజర్ చూసిన చోటికీ గెలీలియో చూసిన చోటికీ అది దాదాపు 80 కి.మీ. పడమరకు నడిచింది. పొగ వచ్చేది బిలంలోంచి కాదు, లావా నాలుక గడ్డకట్టిన సల్ఫర్ డయాక్సైడ్ మీదికి పాకిన చోటల్లా ఆ మంచు భగ్గున ఆవిరవుతోంది.

ఇక పరిసరాలు. అయో విషయంలో పరిసరాలు అంటే దాని చుట్టూ ఉన్నవి అని కాదు, అది తన చుట్టూ తయారుచేసుకున్నవి. సల్ఫర్ డయాక్సైడ్, దాని ముక్కలు సెకనుకు సుమారు ఒక టన్ను చొప్పున అయోను వదిలి పోతున్నాయి. అలా పోయిన అణువులు ఎలక్ట్రాన్లు ఊడి విద్యుదావేశం పొందగానే గురుడి అయస్కాంత క్షేత్రం వాటిని పట్టేసుకుంటుంది. గురుడు 9 గంటల 55 నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరుగుతాడు, క్షేత్రమూ అతనితో తిరుగుతుంది. అయో దగ్గర దాని వేగం సెకనుకు 74 కి.మీ. అయో పరుగు 17. అంటే వెనక నుంచి సెకనుకు 57 కి.మీ. వేగంతో ఒక గాలి దాన్ని ఎప్పుడూ దాటిపోతూ ఉంటుంది, ఆ గాలికి సరుకు ఇచ్చిందీ అయోనే. ఈ గంధకపు, ఆక్సిజన్ అయాన్లు గురుడి చుట్టూ గారె ఆకారంలో వలయం కట్టి ఉంటాయి. ప్లాస్మా వలయం అంటారు. క్షేత్రం గురుడి అక్షానికి దాదాపు 10 డిగ్రీలు ఒరిగి ఉంది కాబట్టి వలయమూ ఒరిగే ఉంటుంది. అది 13 గంటలకోసారి పైకీ కిందికీ ఊగుతూ అయోను దాటుతుంది.

అయస్కాంత క్షేత్రానికి అడ్డంగా కదిలే వాహకంలో కరెంటు పుడుతుందని పదో తరగతి పిల్లలకూ తెలుసు. అయోకు రెండు పక్కల మధ్య వచ్చే వోల్టేజీ సుమారు 4 లక్షల వోల్టులు, పారే కరెంటు లక్షల ఆంపియర్లలో. ఆ కరెంటు గురుడి మేఘాల మీదికి దిగిన చోట ధ్రువకాంతి ఒక చుక్కగా వెలుగుతుంది. గురుడు తిరుగుతున్నా ఆ చుక్క అయో వెంటే నడుస్తుంది, అది అయో అడుగుజాడ. దాన్ని మొదటిసారి 1990ల్లో హవాయి నుంచి పరారుణ కాంతిలో చూశారు. బిగ్ విన్న హోరుకు మూలం ఇదే. పక్కనున్న యూరోపా వెనక వైపు కనిపించే గోధుమ మరకల్లో అయో గంధకం పాలు ఉందంటారు. 1992లో యులిసిస్ నౌకను తాకిన సన్నటి దుమ్ము ధారల జాడ తీస్తే, చివరికి అవీ అయో పొగ దగ్గరికే చేరాయి. ఒక ఉపగ్రహం తన గ్రహానికి దీపం పెట్టి, పొరుగింటికి సున్నం వేసి, కోట్ల కిలోమీటర్ల దూరానికి బూడిద చల్లుతోంది.

మనిషికి మాత్రం అక్కడ తావు లేదు. రోజుకు సుమారు 36 సీవర్టుల రేడియేషన్. 5 సీవర్టులు ఒక్కసారిగా సోకితే బతకడం కష్టం, అంటే మూడు నాలుగు గంటల ఆయుష్షు.

వాతావరణం అన్న మాట వాడాలంటే మొహమాటంగా ఉంటుంది. భూమి మీది గాలి ఒత్తిడిలో వందల కోట్ల వంతుల్లో కొన్ని వంతులు. అదీ నిలకడగా ఉండదు. అయో ప్రతి చుట్టులోనూ గురుడి నీడలోకి వెళ్లి రెండు గంటలు చీకట్లో ఉంటుంది. ఆ కాసేపటికే నేల −148 నుంచి −168 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారి, గాలిలో చాలా భాగం మంచుగా నేలకు దిగిపోవడం హవాయిలోని జెమిని దుర్భిణి చూసింది (2016లో ప్రకటించారు). వెలుగు రాగానే మళ్లీ ఆవిరై లేస్తుంది. గోల్డింగ్‌హామ్ గడియారంలో లెక్కించిన నీడ అక్కడి గాలికి ఊపిరి బిగబట్టే వేళన్నమాట. మరి ఆ గాలి అగ్నిపర్వతాలు ఊదిందా, మంచు ఆవిరైందా? రెండూ. చిలీలోని ఆల్మా దుర్భిణుల లెక్కలో 30 నుంచి 50 శాతం నేరుగా అగ్నిపర్వతాలదే.

ఇంత వేడి గోళం మీద కొండలు కరిగి కూలిపోవాలి కదా? అయో మీద 100కు పైగా పర్వతాలున్నాయి, కొన్ని ఎవరెస్టును మించినవి, అన్నిటికంటే పెద్దది దానికి దాదాపు రెట్టింపు, 17 కి.మీ. ఎత్తు. ఒకటీ అరా తప్ప అగ్నిపర్వతాలు కావు. 1981లో ఓ'రైలీ, డేవిస్ చెప్పిన వివరణ నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే అందంగా తోస్తుంది. వేడి రాతి గుండా మెల్లగా పాకి రావడం లేదు, సన్నటి గొట్టాల్లోంచి లావాగా ఒక్కసారే పైకొచ్చి నేల మీద చల్లారుతోంది. కనుక గొట్టాల మధ్య ఉన్న పెచ్చు చల్లగా, గట్టిగా ఉంది. ఏటా సగటున సెంటీమీటరు మందం కొత్త లావా పైన పేరుకుంటుంటే పాత పెచ్చు అంతంత కిందికి దిగుతుంది. దిగే కొద్దీ చుట్టుకొలత తగ్గి ఇరుకవుతుంది, ఒత్తిడికి పలకలు విరిగి పైకి ఎక్కుతాయి. అవే కొండలు. కింద నిప్పు ఉన్నందువల్లే పైన కొండలు నిలుస్తున్నాయి.

ఇక అసలు తగాదా. అయో నుంచి బయటికొచ్చే వేడి మొత్తం సుమారు కోటి కోట్ల వాట్లు, అంటే ఒకటి పక్కన 14 సున్నాలు. దానికి 12 రెట్ల ఉపరితలమున్న భూమి లోపలి నుంచి వచ్చేది అందులో సగమే. రాళ్లలోని రేడియోధార్మికతను లెక్కేస్తే ఇందులో వందో వంతు కూడా రాదు. మిగతాదంతా నలుగుడే. మరి నలుగుతున్నది ఏ పొర? లోతున మొత్తం రాయి నలిగితే వేడి ధ్రువాల దగ్గర ఎక్కువ తేలాలి. పెచ్చు కింద పలుచని మెత్తటి పొరలో నలిగితే మధ్యరేఖ దగ్గర తేలాలి. లెక్క చెప్పే మాట ఇంత స్పష్టం. చూసింది అంత స్పష్టంగా లేదు. అగ్నిపర్వతాల గుంపులు లెక్క చెప్పిన చోటుకు 30 నుంచి 60 డిగ్రీలు తూర్పుకు జరిగి ఉన్నాయి. 200 కి.మీ. వెడల్పున్న లోకి లావా సరస్సు ఒక్కటే మొత్తం వేడిలో పదో వంతుకు పైగా తీసుకుంటుంది. సగటు మీద ఆధారపడే ఏ వాదానికైనా అదొక కంట్లో నలుసు. లోకి వెలిగి తగ్గే గడువు 480 రోజుల దరిదాపుల్లో ఉందని, అయో ఉత్కేంద్రత కూడా అలాంటి గడువుల్లోనే కొద్దిగా హెచ్చుతగ్గులవుతుందని 2019లో ఒక వాదం వచ్చింది. నిజమైతే కక్ష్య చెయ్యి అగ్నిపర్వతం మీద నేరుగా కనబడినట్టే. నాకది ఆకర్షణీయంగా ఉంది. కానీ లోకి గతంలో గడువు తప్పిన రోజులున్నాయి.

2011లో క్రిషన్ ఖురానా బృందం గెలీలియో నౌక అయస్కాంత కొలతలను తిరగదోడి, పెచ్చు కింద 50 కి.మీ. మందంతో కరిగిన రాతి పొర గోళమంతా చుట్టి ఉందని ప్రకటించింది. మాగ్మా సముద్రం అన్న మాట వెంటనే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. హబుల్‌తో చూసిన అయో ధ్రువకాంతి ఆ సముద్రం ఉంటే ఊగవలసినట్టు ఊగడం లేదని, అయస్కాంత సంకేతాలకు చుట్టూ ఉన్న ప్లాస్మాయే కారణం కావచ్చని వచ్చిన అభ్యంతరాలు అంతగా ఎక్కలేదు. పరిసరాల గోల దాటి లోపలి గొంతు వినడం అయో దగ్గర ఎప్పుడూ కష్టమే.

తగాదా తీర్చే కొలత గురుత్వానిది. 2016 నుంచి గురుడి చుట్టూ తిరుగుతున్న జునో, 2023 డిసెంబరు 30న, 2024 ఫిబ్రవరి 3న అయోకు 1,500 కి.మీ. దగ్గరగా వెళ్లింది. నౌక వేగంలో వచ్చిన అతి సన్నటి మార్పులను రేడియోతో కొలిచి, ఆటుపోటుకు అయో ఒళ్లు ఎంత సాగుతోందో ర్యాన్ పార్క్ బృందం లెక్కగట్టింది. సాగుడు కొలత 0.125. పెచ్చు కిందే ద్రవ సముద్రం ఉంటే దానికి మూడు నాలుగు రెట్లు రావాలి. కాబట్టి లోతు తక్కువలో గోళమంతా చుట్టిన మాగ్మా సముద్రం లేదు. 100 మీటర్లు లేచిపడే నేల కూడా లేనట్టే. కరిగిన రాయి స్పాంజిలో నీళ్లలా గట్టి రాతి సందుల్లో ఉండవచ్చు, బాగా లోతున సముద్రమూ ఉండవచ్చు. ఇదే జునో పరారుణ కెమెరా ధ్రువాల దగ్గరి అగ్నిపర్వతాలు కూడా చూసింది. అవి ఒక్కొక్కటీ తక్కువ వేడి వదులుతున్నాయని, కాబట్టి వేడి పుట్టేది పై పొరల్లోనే అని ఇంకో బృందం వాదించింది. ఒకే నౌక, రెండు పరికరాలు, రెండు దిక్కులు. గురుత్వం చెప్పిన మాటకే నేను ఎక్కువ బరువిస్తాను. అగ్నిపర్వతాల పంపకం చూసి లోపల చెప్పడమంటే కుళాయిలు చూసి ట్యాంకు ఎక్కడుందో చెప్పడమే. మధ్యలో పైపులు ఎటు తిరిగాయో ఎవరికి తెలుసు? 2024 డిసెంబరు 27న దక్షిణార్ధంలో లక్ష చదరపు కిలోమీటర్ల మేర ఒకేసారి భగ్గుమన్న చోటును జునో చూసింది. ఆ ఒక్క చోటి నుంచే 80 లక్షల కోట్ల వాట్లకు పైగా వచ్చింది, దాదాపు అయో మొత్తం సగటు వేడంత. కింద పైపులు ఎంత దూరం కలిసి ఉన్నాయో దీన్ని బట్టి ఊహించుకోవలసిందే.

ఖర్చు ఎవరిదన్నది ఆఖరి ప్రశ్న. ఇక్కడ నా గానుగ పోలిక తప్పుతుంది. తిప్పే బలం ఎద్దుది కాదు, రోటిది. అయో ఆకర్షణకు గురుడి ఒళ్లు కూడా కొంచెం ఉబ్బుతుంది. గురుడు వేగంగా తిరుగుతున్నందువల్ల ఆ ఉబ్బు అయో కంటే ముందుకు జరిగి, దాన్ని ముందుకు లాగుతుంది. మన చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరమవుతున్నది ఇలాగే. గురుడి భ్రమణంలోంచి తీసిన శక్తి అయోకు, తాళం ద్వారా యూరోపాకు, గానిమీడ్‌కు చేరుతుంది. మరోవైపు తన లోపల వేడిగా పోగొట్టుకునే శక్తి అయోను లోపలికి దింపుతుంది. ఏది నెగ్గుతోంది? 17వ శతాబ్దం నుంచి పోగైన గ్రహణ వేళలన్నీ ముందేసుకుని లెక్కగట్టినవాళ్లలో కొందరికి అయో బయటికి పోతున్నట్టు, కొందరికి లోపలికి దిగుతున్నట్టు వచ్చింది. 2009లో వాలెరీ లేనీ బృందం 1891 నుంచి ఉన్న స్థాన కొలతలతో ‘నేచర్’ పత్రికలో వేసిన లెక్కలో లోపలికే దిగుతోంది. పుట్టే వేడి, బయటికి వచ్చే వేడి దాదాపు సరిపోతున్నాయి. అలాగే సాగితే మూడింటి తాళం క్రమంగా సడలాలి.

సడలుతుందా, లేక ఒకప్పుడు సడలి మళ్లీ బిగుసుకుంటుందా? కొంతకాలం వేడెక్కి కొంతకాలం చల్లారే అయోను సమర్థించేవాళ్లు ఉన్నారు. 2024లో కాథరిన్ డి క్లీర్ బృందం ఆల్మాతో వాతావరణంలోని గంధకపు ఐసోటోపులను కొలిచింది. తేలికవి ముందు పారిపోతాయి, బరువైనవి మిగులుతాయి. మిగిలినవాటి పాలు చూస్తే అయో తన గంధకంలో 94 నుంచి 99 శాతం ఇప్పటికే పోగొట్టుకుంది. ఈ రేటున అంత పోవాలంటే సౌర కుటుంబం పుట్టినప్పటి నుంచీ, దాదాపు 450 కోట్ల ఏళ్లుగా, గానుగ ఆగకుండా ఆడుతూ ఉండాలి. మధ్యలో పెద్ద విరామాలకు చోటు తక్కువ. మూడు చంద్రుళ్లూ పుడుతూనే తాళంలో పడ్డాయన్న వాదానికి ఇది బలం. ఆ లెక్కంతా మొదట్లో గంధకం ఎంత పాళ్లలో ఉందన్న ఊహ మీద నిలబడిందన్నది మరిచిపోకపోతే.

అయో కోసమే ప్రతిపాదించిన నౌక ఒకటుండేది. 2021లో నాసా దాన్ని పక్కనబెట్టి శుక్రగ్రహానికి రెండింటిని ఎంచుకుంది. 2023 ఏప్రిల్‌లో బయల్దేరిన యూరప్ వారి జూస్ గానిమీడ్‌కు, 2024 అక్టోబరులో బయల్దేరిన క్లిప్పర్ యూరోపాకు వెళ్తున్నాయి. క్లిప్పర్ 2030లో, జూస్ 2031లో చేరతాయి. అంత రేడియేషన్‌లోకి దిగే పని రెండింటికీ లేదు, అయోను దూరం నుంచే చూస్తాయి. అయితే ఒకటి గానిమీడ్ దారిని, రెండోది యూరోపా దారిని మీటర్ల లెక్కన కొలవబోతున్నాయి. ముగ్గురూ ఒకే తాళంలో ఉన్నారు కాబట్టి, రెండు దారులు తేలితే మూడోది దాక్కోలేదు.